అచిరో కోరుకున్న తలూపు

మెదడులోని విద్యుత్తును గీతలుగా గీసే యంత్రం ఉగాండా రాజధాని కంపాలా నుంచి గుళూ యూనివర్సిటీకి వచ్చింది ఒక్కరోజు కోసమే. సాయంత్రం బస్సుకి, దాన్ని నడిపే టెక్నీషియన్ ఒకెమా దాన్ని పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోతాడు. అచిరో పొద్దున్నించీ గేటు వైపే చూస్తోంది.

డిగ్రీ చివరి ఏడాదిలో మెదడు మీద పరిశోధనకి ఎవరి అంశం వాళ్ళు ఎంచుకోవాలి. అచిరో తలూపే జబ్బు ఎంచుకుంది. వాళ్ళ పల్లెల్లో కొందరు పిల్లలకి కంచం ముందు కూర్చోగానే తల కిందికీ పైకీ ఊగిపోతుంది. ఆమె తమ్ముడు ఒడోంగ్ అలా ఊగుతూనే పొయ్యిలో పడి చనిపోయాడు. ఆ సంగతి ప్రొఫెసరుకి చెప్పలేదు. జాలిపడి ఒప్పుకుంటాడేమోనని భయం, జాలిపడి వద్దంటాడేమోనని ఇంకా భయం.

"తలూపే క్షణం పడిన రికార్డింగు ఒక్కటి చూపించు, అంశం నీదే," అన్నాడాయన. "లేదంటే ఎలుకల జ్ఞాపకశక్తి తీసుకో. ఎలుకలైతే చెప్పిన టైముకి వస్తాయి."

ఎండ ఎక్కాక మోటారుసైకిలు మీంచి కెరోబినా, ఆమె కూతురు అతిమ్ దిగారు. అచిరో ఊరివాళ్ళే. అతిమ్‌కీ అదే జబ్బు. అచిరో చూపు అతిమ్ తల మీదే ఆగింది. సవరాలు కలిపి అల్లిన సన్నజడలు నడినెత్తిన తేనెపట్టులా చుట్టి ఉన్నాయి. షియా గింజల నూనె నుదుటి మీదకి కారుతోంది.

ఒకెమా తీగలు పట్టుకుని పిల్ల చుట్టూ తిరిగాడు. "అమ్మాయ్, వీటిని నెత్తికి అంటించాలి. నెత్తేదీ? నాకు చర్చి గోపురం కనిపిస్తోంది."

"యూనివర్సిటీకి తెస్తూ పిల్లని చింపిరితలతో తెమ్మంటావా బాబూ?" కెరోబినా గయ్యిమంది. "ఊళ్ళో దీని తల ఒక్కరూ ముట్టరు, జబ్బు అంటుకుంటుందని. మా చెల్లెలు పాదర్ ఊరి నుంచి పనిగట్టుకుని వచ్చి అల్లింది. ఏమే అచిరో, దుప్పటి తెమ్మన్నావు, వంట తెమ్మన్నావు, జుట్టు సంగతి చెప్పావా?"

చెప్పలేదు. అక్కడి బడుల నియమం ప్రకారం, చేరిన నాటి నుంచీ ఆడపిల్లలందరిలాగే అచిరోదీ కత్తిరించిన జుట్టే. ఆ తర్వాతా పెంచలేదు. పుస్తకాల్లో తీగలు పెట్టి చూపించే బొమ్మతలకీ జుట్టు లేదు. ఆ సంగతి తట్టనేలేదు.

అతిమ్ రెండు చేతులతో జడలు పట్టుకుంది. "విప్పొద్దక్కా."

"అన్నీ విప్పను. తీగ పెట్టేచోటే. మళ్ళీ అల్లేస్తాను."

"నీకు అల్లడం వచ్చా? నీ తల చూస్తే అలా లేదు."

ఒకెమా పకపకా నవ్వాడు. అచిరోకి నవ్వు రాలేదు. పిల్లని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. జడ విప్పి, పాయ తీసి, సబ్బునీళ్ళతో నూనె తుడిచి, మళ్ళీ ఇంకో జడ. మధ్యాహ్నం దాటిపోయింది. ఒకెమా గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

"నా తల ముట్టుకున్నావుగా, భయం వెయ్యట్లేదా?" అడిగింది అతిమ్.

"నా భయం వేరేలే."

తీగలు కుదిరాక కెరోబినా మూట విప్పింది. రాగిముద్ద, నువ్వుల ముద్దలో ఉడికించిన ఆకుకూర. అతిమ్ ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. తెర మీద గీతలు సన్నగా పరుగెడుతున్నాయి.

ఊపు, అనుకుంది అచిరో. ఒక్కసారి ఊపు తల్లీ.

ఒడోంగ్ తినడానికి కూర్చున్న ప్రతిపూటా ఊగనివ్వకు దేవుడా అని వేడుకున్నది తనే. అయినా పిల్ల మెడ మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఇంకో ముద్ద. ఇంకోటి. మెడ కదిలింది. అచిరో ముందుకి వంగింది. పిల్ల దురదపుట్టి చెవి వెనక గోక్కుంది, అంతే.

కంచం ఖాళీ అయింది. అతిమ్ వేళ్ళు నాక్కుని, "ఇంకా ఉందా అమ్మా?" అంది.

"దురదృష్టం," అని గొణిగాడు ఒకెమా, తీగలు ఊడదీస్తూ.

"ఏంటయ్యా దురదృష్టం? నా కూతురు కడుపునిండా తినడమా?" కెరోబినా లేచి, వాళ్ళ పెళ్ళిళ్ళలోలాగా నాలుక ఆడిస్తూ సంతోషంతో కేక వేసింది. పక్క గదుల్లోంచి విద్యార్థులు తొంగిచూశారు. ఆమె అచిరో చేతులు పట్టేసుకుంది. "యంత్రంలో కూడా ఏమీ పడలేదు కదే! పోయిందన్నమాట! ఇక ఆ తలూపు మాత్రలు ఆపేస్తాను. అవి మింగి రోజంతా మత్తుగా పడుంటోంది."

అచిరో ఆమె చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆపకు పిన్నీ. ఇవాళ రాలేదంతే. పోలేదు."

"రావాలని ఉందేమిటే నీకు?"

ఒకెమా పెట్టె ఎత్తుకుని బస్సుకి పరుగెత్తాడు. ఆ అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడనంత దూరం పోయాక అచిరో తలుపు దగ్గరికి వేసింది.

"ఇందాక రావాలనే ఉండింది పిన్నీ. నా చదువు కోసం. ఎలుకలు తీసుకుంటాలే, ఫరవాలేదు. నువ్వు మాత్రలు మాత్రం ఆపకు. ఒడోంగ్‌కి కొన్నాళ్ళు రాలేదని మా అమ్మ ఆపేసింది."

కెరోబినా ఆమె ముఖంలోకి చూసింది. "మీ అమ్మ నాతో ఎప్పుడూ అనలేదే."

"ఎవరితోనూ అనలేదు."

కెరోబినా నడుముగుడ్డ ముడిలోంచి పొట్లం తీసింది. "ఇలా రావే," అని కూతుర్ని పిలిచి, మధ్యాహ్నం వెయ్యాల్సిన మాత్ర అరచేతిలో పెట్టింది.