పొద్దుటి పాలకూ మాపటి పాలకూ నడుమ బెంగుళూరు

కామసముద్రం ప్రాథమిక పాఠశాలలో కుముద ఇరవై రెండేళ్లు టీచరుగా పనిచేసింది. ఇల్లు మాత్రం కె.జి.ఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో. భర్త వాదిరాజ అక్కడి బంగారు గని ఆఫీసులో గుమాస్తా. గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత ఉద్యోగంలో చేరినవాడు. కుముద రోజూ పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయేది. తరగతిలో కన్నడం చెప్పేది, బయటికి వస్తే పిల్లల తల్లులతో తెలుగు మాట్లాడేది.

ఏటా జనవరిలో నాలుగో తరగతి పిల్లలను బెంగుళూరు చూపించడానికి ఆమే తీసుకుపోయేది. ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలబడాలో ముందే కాగితం మీద రాసుకునేది. ఒక్క పిల్లవాడు తప్పిపోయింది లేదు, ఒక్కసారి ఆలస్యమైంది లేదు. ఆ పేరు ఊరంతా ఉండేది.

అందుకే 1986లో ఊరి ఆడవాళ్ల పాల సంఘానికి ఏడాది నిండినప్పుడు, అధ్యక్షురాలు సొన్నమ్మ నేరుగా బడికే వచ్చింది.

"టీచరమ్మా, పిల్లోళ్లను పిల్చుకొని పోతావు కదా, మమ్మల్నీ పిల్చుకొని పోమ్మా. రైలు మా ఊరి మీదనే పోతా ఉండాది. మాలో సగం మంది బెంగుళూరు మొగమే చూడలేదు."

కుముదకు సంతోషమయింది. ఆ రాత్రే కాగితం తీసి ఎనిమిది చోట్లు రాసింది. విధాన సౌధ, మ్యూజియం, కబ్బన్ పార్కు, బసవన గుడి, లాల్‌బాగ్, ఇంకా మూడు. ఒక్క రోజులో అన్నీ. సంఘంలో ఉన్న ముప్పై నలుగురికీ సరిపోయేలా ఒక బస్సు మాట్లాడారు. తెల్లవారకముందే పాలు పిండి, ఐదింటికి బయల్దేరారు.

అంతా కాగితం ప్రకారమే జరిగింది. ప్రతిచోటా కుముద తలలు లెక్కపెట్టి, "ఇంక లేవండమ్మా, టైమయింది" అనేది. వాళ్లు లేచేవాళ్లు. మధ్యాహ్నం రెండున్నరకు లాల్‌బాగ్‌లో గాజుమేడ ముందర అక్కయమ్మ పడిపోయింది. అరవై ఏళ్ల మనిషి, సంఘంలో అందరికన్నా పెద్దది. ముఖాన నీళ్లు చల్లారు. ఎవరో సోడా తెచ్చారు. ఆమె కళ్లు తెరిచి ఒక్క గుక్క తాగి, సీసా పక్కకు తోసేసింది.

"తాగు అక్కయమ్మా, ఎండకు సొమ్మసిల్లినావు" అంది కుముద.

అక్కయమ్మ తల అడ్డంగా ఊపింది. బస్సులో కుముద భుజానికి తల ఆనించి కూర్చున్నాక, చెవిలో చెప్పింది.

"పొద్దుట్నుంచీ గుక్క నీళ్లు ముట్టలేదమ్మా. తాగితే యాడికి పొయ్యేది? డ్రైవరు మొగోడు, క్లీనరు మొగోడు. బండి ఆపమని ఎట్ల అడిగేది? నువ్వు చూస్తే టైమైంది టైమైంది అంటా ఉంటివి."

"మిగతావాళ్లో?"

"ఎవురు తాగినారని? సగం మంది నిన్న మాపటి నుంచే మానుకొనుండారు."

కుముద వెనక్కి తిరిగి చూసింది. ముప్పై మూడు ముఖాలు వాడిపోయి ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు ఒళ్లో నిండుగానే ఉన్నాయి. అవి తెచ్చుకోమని చెప్పింది తనే. పోయిన చోట్లలో ఆడవాళ్లు పోవడానికి మరుగుదొడ్లు లేకపోలేదు. తన కాగితంలో దానికని ఒక్క నిమిషం కూడా రాయలేదు, అంతే. అప్పుడే ఇంకో సంగతి తట్టింది: తనూ పొద్దుట్నుంచి నీళ్లు తాగలేదు. పిల్లలతో వచ్చినప్పుడు కూడా ఎప్పుడూ తాగదు. అది అలవాటైపోయి, అలవాటని కూడా మరిచిపోయింది.

మిగిలిన చోట్లు వదిలేసి వెనక్కి తిరిగారు. దారిలో బస్సు టైరు పంచరై, ఊరు చేరేసరికి ఏడున్నర దాటింది. కొట్టాల్లో ఆవులు అరుస్తున్నాయి. మొగవాళ్లు పిండబోతే కొన్ని ఆవులు చేపకుండా పాలు బిగబట్టాయి, కొన్ని తన్నాయి. సొన్నమ్మ మొగుడు మునిశామప్ప పెళ్లాం పాత చీర ఒంటికి చుట్టుకొని, ముసుగు కూడా వేసుకొని ఆవు దగ్గర కూర్చొని ఉన్నాడు.

"నీ వాసన చూసి అయినా ఇస్తాదేమో అని" అన్నాడు సొన్నమ్మను చూసి. "ఒక చెంబు ఇచ్చినాది. చాలు, నన్ను ఇడిపించు."

ఆమె అంత అలసటలోనూ నవ్వింది. అక్కయమ్మ ఇంట మాత్రం నవ్వే పని లేకపోయింది. ఆమె ఆవుకు పొదుగు గట్టిపడి, మర్నాటికి వాచింది. కుముద ఎనిమిది రోజుల పాటు, రోజూ బడి అయిపోయాక, ఆ కొట్టానికి పోయి వేడినీళ్ల కాపడం పెట్టడంలో సాయం చేసింది.

"బాగైపోతాదిలేమ్మా, నీ తప్పేముండాది దీంట్లో" అంది అక్కయమ్మ.

ఆవుకు బాగయింది. అయితే బెంగుళూరు పోదామని ఆ తర్వాత ఎవరూ అనలేదు. సొన్నమ్మ బడి ముందర కనబడితే పలకరించేది, మనుమరాలి చదువు సంగతి అడిగేది, అంతే. ఎవరైనా కోప్పడి ఉంటే కుముదకు తేలికగా ఉండేది.

మరుసటి ఏడాది మార్చిలో, ఒక ఆదివారం బెంగుళూరు పోయివస్తానని ఆమె భర్తతో చెప్పింది.

"ఎవరింటికి?" అన్నాడు వాదిరాజ.

"ఎవరింటికీ కాదు. నీళ్లు తాగడానికి."

ఏడాదిగా ఆమె మనసులో ఏముందో అతనికి తెలుసు.

"గనిలో దిగేవాళ్లకు మొదటి రోజే కింద ఎక్కడ ఏముందో చూపిస్తారు. ఆ తర్వాతే పనిలో పెడతారు" అన్నాడు. "పోయి చూసిరా. నేను వంట చేసుకుంటాను."

ఆ రోజు కుముద గంటకొక గ్లాసు చొప్పున నీళ్లు తాగింది. అవసరమైనప్పుడల్లా ఎక్కడికి పోవాలో వెతికింది. ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టింది, తలుపుకు గడియ ఉందో లేదో, లోపల నీళ్లున్నాయో లేదో రాసుకుంది. ఒకచోట కనబడక, చెత్త ఊడ్చే ఆమెను, కె.జి.ఎఫ్‌లో వినివిని వచ్చిన తమిళంలో అడిగింది. ఆమె చీపురు గోడకు ఆనించి, తనే తోడు వచ్చి చూపించింది.

"నువ్వు అడిగితివి కాబట్టి సరిపోయింది. ఆడవాళ్లు అడగరమ్మా. ఇటూ అటూ చూసి, ముఖం ముడుచుకొని వెళ్లిపోతారు" అంది.

మధ్యాహ్నానికి కాళ్లు నొప్పిపుట్టి కుముద లాల్‌బాగ్‌లో ఒక బెంచీ మీద కూర్చుంది. లెక్కపెట్టడానికి తలలు లేవు, లేపడానికి మనుషులు లేరు. ఎదురుగా చెరువు, మీద ఎండ. పదిసార్లు వచ్చిన తోట అది. చెరువు ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. ముప్పావుగంట కూర్చుంది. ఇన్నేళ్లూ తాను చూపించింది గడియారాన్నే కదా అనిపించింది.

వారం తిరక్కుండానే, సాయంత్రం పాలు పోసే వేళకు సంఘం షెడ్డుకు పోయింది. పాల డబ్బాల దగ్గర మునిశామప్ప, ఇంకో నలుగురు మొగవాళ్లు ఉన్నారు.

"కొంచెం సేపు మీరు బయటికి పోండప్పా" అంది కుముద.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని బయటికి నడిచారు. పిల్లల ముందర మాట్లాడటం వేరు, ఈ మాట పైకి అనడం వేరు.

"పోయినసారి తప్పు నాది. మీరు నీళ్లు తాగకుండా ఉన్నారని నాకు తట్టనే లేదు. మొన్న నేనొక్కదాన్నే పోయి, ఎక్కడెక్కడ పోవచ్చునో అన్నీ చూసుకొని వచ్చినాను. మీకు ఇష్టముంటే ఇంకొకసారి పోదాము. లేదంటే లేదు."

అంతలో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్లిళ్లకు పోయినప్పుడు, జాతరకు పోయినప్పుడు, ఆస్పత్రిలో రోజంతా కూర్చున్నప్పుడు ఎవరెవరు ఎట్లా బిగపట్టుకున్నారో చెప్పుకున్నారు. ఇన్నేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి కూడా ఒకరికొకరు చెప్పుకోని మాటలు. బయట మొగవాళ్లు ఏమిటా అని తొంగిచూసి, మళ్లీ దూరంగా పోయారు.

"బస్సు వద్దు, రైల్లో పోదాము. రైల్లో అయితే అదీ ఉంటాది" అంది సొన్నమ్మ.

"సరే. ఆవుల సంగతో?" అంది కుముద.

సొన్నమ్మ వేళ్ల మీద లెక్కవేసింది. "సగం మంది ఒక వారం, సగం మంది ఇంగో వారం. నేను పోతే నా ఆవును అక్కయమ్మ పిండుతాది, ఆమె పోతే ఆమె ఆవును నేను పిండుతాను. ఆవులకు కొత్త చెయ్యి తెలియాల కదా, పదైదు దినాలు ముందునుంచే మార్చుకొని పిండుదాము."

"ఏమేం చూడాలి?" అని కుముద అడిగింది. ఆ మాట మొదటిసారి అడగనే లేదని అడిగాక తెలిసింది.

"మన పాలు యాడికి పోతాయో అది" అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అన్నారు.

"లాల్‌బాగు" అంది అక్కయమ్మ. "పడింది తప్పితే నేను ఆడ ఏమీ చూసింది లేదు."

ఇంక ఏమీ చేర్చవద్దని వాళ్లే తేల్చేశారు.

పదిహేను రోజులూ ఊళ్లో ఆవులు కొత్త చేతులకు అలవాటు పడ్డాయి. ఏప్రిల్‌లో మొదటి జట్టు పదిహేడు మంది, పొద్దుటి పాలు పోసి, ఏడున్నర ప్యాసింజరెక్కారు. బంగారుపేట దాటాక సొన్నమ్మ సీసా మూత తీసి గటగటా తాగి పక్కామెకు ఇచ్చింది. డెయిరీలో మనిషి కంటే ఎత్తున్న ఉక్కు తొట్ల చుట్టూ అందరూ తిరిగి చూశారు. సొన్నమ్మ ఒక గొట్టం మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా, వణుకుతూ ఉంది.

"దీంట్లో మా ఊరి పాలు ఏవని ఎట్ల తెలుస్తాది సార్?" అని అడిగింది.

"తెలియదమ్మా, అన్నీ కలిసిపోతాయి" అన్నాడు చూపిస్తున్న ఉద్యోగి.

ఆమె చెయ్యి తీసి, కొంగుకు తుడుచుకుంది. "కలిసినా మంచిదేలే" అంది, తనకు తాను చెప్పుకున్నట్టు.

లాల్‌బాగ్‌లో మూడు గంటలు ఉన్నారు. చద్దిమూటలు విప్పి తిన్నారు. నలుగురు చెట్టు కింద కొంగు పరుచుకొని నిద్రపోయారు. కుముద వాళ్లను లేపలేదు. ఊరికి తిరిగి వచ్చేసరికి కొట్టాలు నిమ్మళంగా ఉన్నాయి. మరుసటి వారం రెండో జట్టుతో అక్కయమ్మ పోయింది, చెరువు గట్టు మీద చాలాసేపు కూర్చుంది.

ఆ రైలు దారిలోనే ఉన్న టేకల్ సంఘం ఆడవాళ్లు విని కబురు పంపారు. తర్వాత బైరకూరు నుంచి వచ్చారు. కుముద కొత్త జట్టు ఎప్పుడు వచ్చినా మొదట ఆవులెన్ని, ఎవరు పిండుతారు అని అడిగేది. తర్వాత మొగవాళ్లను బయటికి పంపి రెండో మాట ఎత్తేది. తోటి టీచర్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆమె పట్టించుకోలేదు. పదేళ్లలో ఎన్ని జట్లు పోయాయో ఆమె రాసిపెట్టుకోలేదు.

1998లో ఒక సోమవారం, బడి గేటు దగ్గర సొన్నమ్మ ఆపి, ఉత్సాహంగా చెప్పింది. "మొన్న మేమే పోయొస్తిమి టీచరమ్మా. విమానాలు చూస్తిమి. ఆడ రోడ్డు పక్కన గోడ ఉండాది, నెత్తిమీదనే దిగతా ఉంటాయి. రెండు గంటలు నిలబడినాము."

"ఎవరు ఏర్పాటు చేసినారు?"

"మా నాగరత్నే. కొత్తగా సంఘంలో చేరింది కదా, ఆ పిల్ల. ముందే పోయి అన్నీ చూసుకొని వచ్చినాది."

మంచిది అంది కుముద. అంది గానీ ఇంటికి పోయేదాకా మనసు చివుక్కుమంటూనే ఉంది. తనకు ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. రాత్రి భోజనాల దగ్గర వాదిరాజతో అంది. అతను మజ్జిగ పోసుకుంటూ, "నీ దగ్గర చదివిన పిల్లలు పై తరగతికి పోతే కూడా ఇట్లాగే బాధపడతావా?" అన్నాడు. కుముద రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు సొన్నమ్మ ఇంటికి పోయింది.

"ఈసారి పోయేటప్పుడు నాకూ చెప్పండి. ఏ పనీ పెట్టుకోను. ఊరికే వస్తాను."

ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు ఆమెనూ తీసుకుపోయారు. తలలు నాగరత్న లెక్కపెట్టింది. కుముద కిటికీ పక్కన కూర్చొని, ఎవరో ఇచ్చిన చిత్రాన్నం తింది. సాయంత్రం తోట గేటు దగ్గర అందరూ చేరారు, ఆమె తప్ప. పూల మధ్య ఎక్కడో ఆలస్యం చేసి, పది నిమిషాలు దాటాక గబగబా వస్తోంది. నాగరత్న ఎదురు వచ్చి చేతిలో సంచి అందుకుంది.

"నిదానంగా రామ్మా. రైలుకు ఇంకా పొద్దుండాది" అంది.