సంగనకల్లు గుట్ట మీద నా కంబళి

పదకొండేండ్ల కిందట మా చెల్లెలి మొగుడు గోవిందప్ప బావ నా కుర్చీ చుట్టూ అయిదు ఊదుబత్తులు వెలిగించాడు. దేవుని పటం ముందర కూడా ఆయన రెండే వెలిగిస్తాడు. ఆ రోజు నేను మా రూపనగుడి నుంచి శెనక్కాయల మూట మోసుకొని బళ్ళారిలో వాళ్ళింటికి పోయాను. దారిలో వాన పట్టుకుంది. నేను గొర్రెలు మేపేవాణ్ణి, భుజాన కంబళి లేకుండా గడప దాటను. గొర్రె బొచ్చుతో నేసిన కంబళి తడిస్తే మల్లెపూల వాసన ఎట్లా వస్తుంది? బావ ఒక్క మాట అనలేదు. నా కంబళి తీసుకుపోయి గేటు మీద వేశాడు, బత్తులు వెలిగించాడు, ఫ్యాను పెంచాడు, వచ్చి ఎదురుగా కూర్చొని పంటలు ఎట్లా ఉన్నాయని అడిగాడు. ఆయనకు సబ్బులు, సెంట్లు అమ్మే అంగడి ఉంది. నేను అన్నం తిని, కంబళి తీసుకొని వచ్చేశాను. ఆ గడప మళ్ళీ తొక్కలేదు. చెల్లెలు కనబడాలంటే బస్టాండులోనో, ఎవరింట్లో పెండ్లిలోనో కనబడాల్సిందే.

ఈ ప్రయాణం పెట్టింది ఆ బావ కూతురు సుజాత. బళ్ళారిలో కాలేజీలో చరిత్ర చెబుతుంది. జపాను నుంచి యూకో అనే ఆమె, జర్మనీ నుంచి పీటర్ అనే ఆయన సంగనకల్లు గుట్ట చూడటానికి వచ్చారు, చలికాలంలో ఆ గుట్ట కింద మంద తోలినవాడివి నువ్వే కదా, దారి చూపించు మామా అని ఫోన్ చేసింది. వాళ్ళింటికి రమ్మంటే పోయేవాణ్ణి కాదు. గుట్టకు కాబట్టి పోయాను. నేను చదివింది మూడో తరగతి. ఇదంతా ఫోనుకు నోటితో చెబితే అదే అచ్చు వేసింది, తప్పులు సుజాత దిద్దింది. వాళ్ళ నాయన సంగతి తీసేయమని కూడా అడిగింది. తీయనన్నాను.

శనివారం ఆరున్నర బస్సుకు బయలుదేరితే బళ్ళారి చేరేసరికి ఏడున్నర దాటింది. ఇక్కడి సర్కారు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, నాకు ఉంది. బస్టాండులో సుజాత, ఆ ఇద్దరూ కలిశారు. పక్క సందులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, నలుగురికీ కలిపి రెండు వందల లోపే అయింది. ఉగ్గాని కలిపే ఆమె విదేశీయులను చూసి చెయ్యి ఆపింది.

"వీళ్ళకు వెల్లుల్లి పొడి బేడానా అక్కా?" అని సుజాతను అడిగింది. బేడానా అంటే వద్దా అని.

"రెండు చెంచాలు ఎక్కువే వెయ్యమ్మా," అన్నాను నేను. "ఈ పూటకు అందరమూ ఒక్క కంపు కొడదాం."

కంపు అనే ఆ మాట ముందుగా అన్నది నేనే. కారులో జరిగింది తరువాత.

కారు ఖాజాది. మూడు పదులు దాటిన మనిషి, నిదానంగా నడుపుతాడు, ఏసీతో దినమంతా రెండు వేల రెండు వందలు. ఊరు దాటి గుట్ట అడుగుకు అరగంట కూడా పట్టదు. అయితే ఆ అరగంటలో అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఖాజా చెవిలో అత్తరు దూది ఉంది, అద్దం కింద నిమ్మకాయ వాసన సీసా ఊగుతోంది. ముందు సీటులో పీటర్ దగ్గర పులిసిన పెరుగు వాసన. అంతలో ఆయన సంచిలోంచి డబ్బా తీసి, చొక్కా ఎత్తి, రెండు చంకల్లోనూ బుస్సుమని కొట్టుకున్నాడు. నాకు వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి. తుమ్మి తల ఎత్తేసరికి పక్కన యూకో ముక్కుకు మాస్కు కట్టుకుంటోంది.

"బండి నిలుపు ఖాజా," అన్నాను.

"ఏమైంది హనుమంతప్పా, కడుపులో తిప్పుతాండాదా?"

"ఈయమ్మ నన్ను చూసి ముక్కు కట్టుకునింది. ఆడ ఊదుబత్తులు, ఈడ గుడ్డ. నేను నడిచి పోతా."

సుజాత ఆమెను అడిగింది. ఆమె మూడుసార్లు తల వంచి ఏదో చెప్పి, చూపుడు వేలు ఎత్తకుండా కళ్ళతోనే పీటర్ డబ్బాను చూపించింది. వాళ్ళ దేశంలో మూసిన బండిలో సెంటు కొట్టడం పక్కవాళ్ళ మీద చెయ్యి వేసినంత తప్పట. పీటర్ ముఖం ఎర్రబడింది. పూసుకోకుండా నలుగురిలో కూర్చోవడమే మర్యాద కాదని వాళ్ళమ్మ నేర్పిందట.

"మా అమ్మా అంతే సార్," అన్నాడు ఖాజా. "శుక్రవారం అత్తరు లేకుండా బయలుదేరితే వాకిట్లోనే నిలబెడతాది."

"అది సరే. నా సంగతి ఏమంటుందో కూడా అడుగు," అన్నాను సుజాతతో.

"ఎందుకులే మామా."

"అడుగు."

అడిగింది. యూకో నా ముఖంలోకి చూసే చెప్పింది. సుజాత గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. "గట్టిగానే ఉండాదంట మామా. తడిసిన మేక మాదిరి అంట."

"మేక కాదు, గొర్రె అని చెప్పు. ఆమె దగ్గర మాత్రం ఏ వాసనా లేదు, ఉప్పు వెయ్యని సంగటి మాదిరి ఉండాది, నాకు భయమేస్తాందని కూడా చెప్పు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది, మాస్కు తీసేసింది. ఖాజా నాలుగు అద్దాలూ దించాడు. నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. నన్ను కంపు అన్నది, నేను కూర్చునే ఉన్నాను. ఇది గుర్తు పెట్టుకున్నాను.

గుట్ట ఎక్కడానికి నిదానంగా ముక్కాలు గంట. మెట్లు లేవు, బండల మీద కాలు చూసుకొని వెయ్యాలి. పైన కొన్ని నల్లరాళ్ళు ఉన్నాయి, చిన్న రాయితో తడితే గంట మాదిరి మోగుతాయి. ఎద్దుల బొమ్మలు చెక్కిన రాళ్ళూ ఉన్నాయి. వేల ఏండ్ల కిందట ఇక్కడ మనుషులు పశువులు మేపి, పేడ కుప్పలు కాల్చారని, ఆ బూడిద ఇంకా ఉందని సుజాత వాళ్ళకు చెప్పింది. ఆ మనుషుల దగ్గర ఏ వాసన వచ్చి ఉంటుందో నాకు బాగా తెలుసు. వాళ్ళకు ఎవరు ఊదుబత్తి వెలిగించి ఉంటారు?

తొమ్మిదిన్నరకు కూడా గాలి చల్లగా కోస్తోంది. యూకో వణికింది. నా కంబళి తీసి ఇచ్చాను. ఒకసారి వాసన చూసి, కళ్ళు చికిలించి, తల మీదుగా కప్పుకుంది. అవతలి వాలులో ఒక మంద మేస్తోంది. దాని కుక్క మమ్మల్ని చూసి పరుగెత్తి వచ్చింది. కంబళి వాసన తగలగానే యూకోను వదిలేసింది. నేరుగా పీటర్ మీదికి పోయింది. ఆరడుగుల మనిషి ఒక నల్లరాయి ఎక్కేశాడు. బూటు తగిలి రాయి ఖంగున మోగింది, కుక్కకు ఇంకా కోపం వచ్చింది.

"ఏం చెయ్యదప్పా," అని మంద మనిషి అరిచాడు. "సెంటు వాసనకు గాబరా పడుతాంది. ఆయప్పను కూడా కంబళిలోకి దూరమను."

యూకో కంబళి అంచు ఎత్తి పట్టింది. పీటర్ వంగి లోపల దూరాడు. ఇద్దరూ ఒక్క కంబళిలో నాలుగు కాళ్ళతో దిగి వస్తుంటే కుక్క తోక ఊపింది.

ఆ మందలో ఒక పిల్ల మీద ఇంకో పిల్ల తోలు కట్టి ఉంది. ఇదేంటని యూకో అడిగింది. ఒక గొర్రెకు పిల్ల చచ్చింది, ఇంకో పిల్లకు తల్లి చచ్చింది, చచ్చిన పిల్ల తోలు దీనికి కప్పితే ఆ గొర్రె వాసన చూసి పాలిస్తుందని చెప్పాను. మూడు రోజులకు తోలు తీసేస్తాం. అప్పటికి ఈ పిల్ల వాసనే దానికి తన పిల్ల వాసన అయిపోతుంది.

"గొర్రెకు మూడు దినాలు చాలు," అన్నాను సుజాతను చూసి. "మీ నాయనకు పదకొండేండ్లు చాల్లేదు."

 దిగేటప్పుడు సుజాత నా పక్కన నడిచింది.

"వచ్చే నెల నా పెండ్లి మామా. గంపలో కూర్చోబెట్టి నన్ను మండపానికి ఎవరు ఎత్తుకొస్తారు?"

"మీ అంగట్లో ఊదుబత్తుల గంపలు శానా ఉండాయి కదా."

"నవ్వులాట కాదు. బుధవారం పసుపు దంచేది. అన్న మా గడప తొక్కేంతవరకు రోకలి పట్టనని అమ్మ చెప్పేసింది."

 బండి దగ్గరికి వచ్చాక యూకో కంబళి చక్కగా మడిచి రెండు చేతులతో ఇచ్చింది. ఇప్పుడు వాసన రావడం లేదు, గాలికి పోయిందా అని అడిగింది.

"పోలేదు," అన్నాను. "నీ ముక్కు మా ఇంటిది అయింది."

పన్నెండున్నరకు బళ్ళారిలో దిగాను, రెండు గంటలకు ఇల్లు చేరాను. ఆ సాయంత్రం కంబళి నేనే వాసన చూశాను. గట్టిగానే ఉంది. జపాను ముక్కు అబద్ధం చెప్పలేదు, బావ ముక్కూ అబద్ధం చెప్పలేదు. ఒక్కో ఇంటి ముక్కు ఒక్కో అలవాటు మీద పెరుగుతుంది, దానికి తప్పు పట్టలేం. ఇన్నేండ్లూ నన్ను కాల్చింది ఆ అయిదు బత్తులే. మాట అని ఉంటే నేనూ ఒక మాట అనేవాణ్ణి, ఇద్దరమూ నవ్వి అన్నం తినేవాళ్ళం. ఆయన మాట దాచి పొగ పెట్టాడు. మీరు ఆ గుట్టకు పోతే ఎనిమిది లోపల చేరండి, నీళ్ళు మోసుకుపోండి, చలికాలమైతే కప్పుకోవడానికి ఒకటి ఉంచుకోండి. కారులో అద్దాలు దించి కూర్చోండి, సెంటు మాత్రం కొట్టుకోవద్దు, కుక్క ఉంది.

బావా, నీవు అంగట్లో కూర్చొని ఫోనులో ఇది చదువుతావని సుజాత చెప్పింది. మంగళవారం సాయంత్రం అయిదు గంటలకు బళ్ళారి బస్సు మా ఊర్లో నిలుస్తుంది. ఆ లోపల ఫోన్ చెయ్యి. "గబ్బు కొడుతున్నావు, అయినా రా" అను, లేదా "రావద్దు" అను. రెండిట్లో ఏదన్నా సరే, నోటితో అను. రమ్మంటే కంబళి కప్పుకొనే వస్తాను, గేటు మీద వెయ్యను. నేను బస్టాపులో నిలబడి ఉంటాను. ఫోను చేతిలోనే ఉంటుంది.