మరియమ్మ చిటికెనవేలు

గోదలీవ్ పిన్ని నోట్లో నాలుక లేని మనిషి. అందుకే ఆవిడ వంతు కోపం కూడా నేనే పడుతున్నాను.

మా సందు మొగలో, మూలింటి గోడకు రెండు నిలువుల ఎత్తున, గూట్లో చెక్క మరియమ్మ బొమ్మ ఉండేది. మా ఆంట్‌వెర్ప్ ఊరి నడిబొడ్డున ఇలాంటి మరియమ్మలు మలుపు మలుపుకీ ఉన్నారు. పెద్ద చర్చి గోపురం చూడ్డానికి ఎగబడే జనం వీళ్లవైపు తలెత్తి చూడరు. చూడకపోతే మానె, ఒక్కో మరియమ్మకు కనిపెట్టుకుని ఒక్కో మనిషి ఉంటారు. మా మరియమ్మకు గోదలీవ్ పిన్ని. లాండ్రీలో నలభై ఏళ్లు ఇస్త్రీ చేసిన మనిషి. డెబ్బై దాటినా ప్రతి శనివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కేది. దీపం అద్దం తుడిచి, మరియమ్మ ముఖం, ఆమె చంకలోని చంటివాడి కాళ్లు కడిగి, చివరికి మరియమ్మ కుడిచేతి దగ్గరికి వచ్చేది. అక్కడ మాత్రం చాలాసేపు పట్టేది. ఎదురుగా బేకరీ నాదే కాబట్టి కింద నిచ్చెన పట్టుకునేదాన్ని నేను.

"ఆ చిటికెనవేలు చూడు పిన్నీ, ఎలా వంకర తిరిగిపోయిందో. చెక్కినవాడు తాగి చెక్కుంటాడు," అని ఎన్ని శనివారాలు వేళాకోళమాడానో.

"తాగలేదులే," అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు.

పోయిన వసంతంలో ఆ మూలిల్లు హోటలు వాళ్లు కొన్నారు. గోడ ఎవరిదైనా మరియమ్మ వీధిదని మా పాత కట్టుబాటు. అందుకని ఇంటింటికీ కాగితం పంపారు. బొమ్మ మాసిపోయింది, శుభ్రం చేయిస్తాం, సంతకం పెట్టండి అని. మొదటి సంతకం నాదే. పిండి చేతులతో, కౌంటరు మీదే పెట్టేశాను. రెండో పేజీ నేనూ చదవలేదు, సందులో ఎవరూ చదవలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. నేను చేసిందీ అదే. శుభ్రం చేశాక, వానకు తడవకుండా భవనం లోపలే ఉంచుతామని రెండో పేజీలో ఉంది.

మూడు నెలల తర్వాత మరియమ్మ ఆ హోటల్లో బీరు కౌంటరు పక్కన, గాజు పెట్టెలో తేలింది. ఒళ్లంతా బంగారు పూత. నాకు ఒళ్లు మండి పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లాను. పిన్ని ఒక్క చూపు చూసింది.

"చెయ్యేది?" అంది.

"ఉంది కదండీ," అన్నాడు మేనేజరు ఫాన్ హూల్.

"ఇది కాదు."

"ఓ, పాతదా? అది అసలు శిల్పి చేసింది కాదటండీ. తర్వాతెవరో అతికించిన నాసిరకం పని. వేలు కూడా వంకరే. తీసేసి కొత్తది చెక్కించాం. ఎంత ముచ్చటగా ఉందో చూడండి."

"ఆ నాసిరకం పని మా నాన్నది బాబూ," అంది పిన్ని. ఆవిడ అన్ని మాటలు వరసగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. "యుద్ధం ఆఖరి చలికాలంలో మా వీధిలో బాంబు పడింది. మరియమ్మ చెయ్యి విరిగిపోయింది. మా అమ్మ చచ్చిపోయింది. నాకప్పుడు ఐదేళ్లు. మా నాన్న వడ్రంగి. అమ్మ చెయ్యి ఎలా ఉండేదో అలాగే చెక్కి మరియమ్మకు పెట్టాడు. బట్టలు పిండీ పిండీ అమ్మ వేలు అలా అయిపోయిందట. నా దగ్గర అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. వాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"పాపం. పోనీ, కాఫీ తాగుతారా?" అన్నాడు.

"నీ కాఫీ ఆ గాజు పెట్టె మీద పోసుకో," అన్నాను. "చెయ్యి ఎక్కడుందో చెప్పు. అది దొరికేదాకా నేనిక్కణ్ణించి కదలను. నీ అతిథులు నా మీంచి దాటి వెళ్లాల్సిందే."

గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. మధ్యాహ్నానికి గదులు తుడిచే అమ్మాయి నేలమాళిగలో వెతికి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. తుప్పు మేకులు, రంగు పెచ్చుల మధ్య ఆ చెయ్యి. పిన్ని దాన్ని పైట చెంగులాంటి తన మెడగుడ్డతో తుడిచి, చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

ఆగస్టు పదిహేను మరియమ్మ పండగ. మా ఊళ్లో అమ్మల పండగ కూడా ఆరోజే. ఖాళీ గూడు కింద సందంతా పూలు పట్టుకుని నిలబడ్డాం. పిన్ని నిచ్చెనెక్కి, గూట్లో ఆ చేతిని నిలబెట్టి, దీపం వెలిగించింది.

ఫాన్ హూల్ బయటికొచ్చాడు. "గోడ మాది," అన్నాడు.

"నిచ్చెన మాది. ఎక్కి తీసుకో, చూద్దాం," అన్నాను. సందు మొత్తం వాడివైపు తిరిగింది. వాడు ఎక్కలేదు.

దిగాక పిన్ని మోకాళ్లు పట్టుకుని మెట్టుమీద కూలబడింది. "ఇక నావల్ల కాదే అమ్మాయ్. వచ్చే శనివారం నుంచి నువ్వు ఎక్కు," అంది.

ఎక్కుతున్నాను. కింద నిచ్చెన ఆవిడ పట్టుకుంటుంది. మరియమ్మ ఇంకా బీరు కౌంటరు దగ్గరే ఉంది, నా కోపమూ తగ్గలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే ప్రతి శనివారం ఆ వంకర వేలు కడుగుతున్నాను.