జానెడు దిగి వెనక్కి పోయే తలుపు

మా మామ పరదేశి రాయపూర్ రైల్వేలో ముప్పయ్యేళ్లు సిగ్నళ్లు బాగుచేసి 1994లో రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ చేతులు కాలేదు. గడియారం, గ్రైండరు, పొరుగింటి పంపు, కదిలేదల్లా విప్పి చూడాల్సిందే. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు కనిపిస్తే చాలు, మా అత్త పైడమ్మ రేడియోని బీరువాలో పెట్టి తాళం వేసేది. అలాంటివాడికి రాయపూర్లోనే తెలీబంధాలో ఒక ఆటోమేటిక్ తలుపు మొరాయిస్తోందని తెలిస్తే ఊరుకుంటాడా?

ఆ తలుపు సిల్తారా ఇనుము ఫ్యాక్టరీ మేనేజరు భీమారావు గారింటిది. కారు షెడ్డుకి బొంబాయి నుంచి తెప్పించారు. మీట నొక్కితే లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. 1997 దసరా నాడు కారుకి పూజయ్యాక డ్రైవరు పున్నయ్య చుట్టాలను స్టేషన్లో దింపి వచ్చాడు. అప్పట్నుంచీ తలుపు జానెడు దిగి వెనక్కి పోతోంది. పున్నయ్యే కారుతో గుద్ది దాస్తున్నాడని భీమారావు గారి అనుమానం. నెలాఖరుకి పని మానెయ్యమని చెప్పేశారు. తొమ్మిదేళ్ల నౌకరీ, ముగ్గురు పిల్లలు.

నాలుగో రోజు మామా నేనూ వెళ్లేసరికి పున్నయ్య గేటు దగ్గర ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"కసమ్ మామా, నానేటీ సెయ్యనేదు" అని ఒట్టు పెట్టుకున్నాడు.

"ఉండరా, తలుపునే అడుగుదాం" అన్నాడు మామ.

పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ అది దిగబోయి వెనక్కి పోయింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఒకడి నౌకరీ పోతుంటే ఈయనకి వేడుకేమిటని నాకు ఒళ్లు మండింది.

"సూడల్లుడూ, మోటారు బిల్కుల్ ఠీక్. పట్టాలు వంగనేదు. దిగినప్పుడే బెదురుతోంది. కింద ఎవుడో అడ్డం ఉన్నాడనుకుంటోంది."

"ఎవరూ లేరుగా?"

"మనకి నేరు. దానికి ఉన్నాడు."

సిగ్నలు తీగ తెగితే అది తనంతట తానే ఆపు చూపిస్తుందనీ, అనుమానమొస్తే ఆగిపోయేదే మంచి యంత్రమనీ ఆయన చెబుతుంటే, పెళ్లైనప్పట్నుంచీ వింటున్నదే కదా అని తలూపాను.

మామ సిమెంటు నేల మీద బోర్లా పడుకున్నాడు. తలుపుకి రెండు వైపులా చీలమండ ఎత్తున చిన్న గాజు కళ్లున్నాయి. ఒకదాన్నుంచి వచ్చే వెలుగు రెండోదానికి అందాలి, మధ్యలో ఏదైనా అడ్డొస్తే తలుపు వెనక్కి పోతుంది. టార్చి వేశాడు. ఎడమ గాజు మీద పసుపు, దాని మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ దసరా పూజకి పెద్దవాడని భీమారావు గారి భార్య సుభద్ర గారు పిలిచింది ఈయన్నే. లివరు నుంచి స్పానరు దాకా దేన్నీ వదలకుండా బొట్టు పెట్టడం రైల్వే వర్క్‌షాపు అలవాటు. కారుకీ మీటకీ మోటారుకీ పెట్టి, మెరుస్తున్న ఆ గాజుకీ పెట్టాడు. పళ్లెం పట్టుకున్నది నేనే.

షెడ్డులో మేమిద్దరమే. గుట్టుగా తుడిచేస్తే తలుపు దిగుతుంది, పైగా పేరొస్తుంది. సిగ్గు లేకుండా ఆ మాట నా నోటి దాకా వచ్చింది. మామ తుడవలేదు.

"బాబుని పిలు" అన్నాడు.

లోపలి గుమ్మంలోంచి భీమారావు గారు వచ్చారు. మామ ఆయన్ని వంగోబెట్టి బొట్టు చూపించాడు.

"ఇది నా ఏలు ముద్ర బాబూ. పున్నయ్య తప్పు నేదు."

అప్పుడు కండువాతో తుడిచి మీట నొక్కాడు. తలుపు నేల దాకా దిగింది.

భీమారావు గారు నవ్వేశారు. "పోనీలెండి పరదేశి గారూ, తెలియక జరిగింది. ఇంక మర్చిపోండి."

"ఆ మాట నాకెందుకు బాబూ? నా తప్పుకి నాలుగు రోజులు ఆడు దొంగలా నిలబడ్డాడు. నా మాట ఆడికి నాను సెప్పుకుంటాను. మీ మాట మీరు సెప్పాల."

పున్నయ్య మూసుకున్న తలుపుకి అవతల ఉన్నాడు. భీమారావు గారు తనే మీట నొక్కి, తలుపు పూర్తిగా లేచేదాకా ఆగలేక, నడుము వంచి దాని కిందనుంచి బయటికి వెళ్లారు.