తాతారావు గుసగుస

మా తాతారావు గట్టిగా మాట్లాడడు. నెమ్మదస్తుడని కాదు నేను చెప్పేది. అక్షరాలా గుసగుసలాడతాడు. అవతలివాడి చెవికి మీసం ఆనేంత దగ్గరికి జరిగి, ఆవకాయ జాడీకి వాసెన కట్టు విప్పుతున్నంత జాగ్రత్తగా ఒక్కో మాటా బయటికి తీస్తాడు. కొల్లేట్లో పక్షుల్ని చూపించే గైడు కాబట్టి పడవలో అలా మాట్లాడితే అర్థముంది. ఈయన బస్టాండులోనూ అంతే, రైసు మిల్లులో మర ఆడుతున్నా అంతే, పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నడుస్తున్నా అంతే.

ఓసారి ఏలూరు బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగాడు. తాతారావు సీట్లోంచి లేచి, అతని చెవిలో "కైకలూరండి" అన్నాడు. కండక్టరు అటూ ఇటూ చూసి, తనూ గొంతు తగ్గించి, "ఎవరైనా వెంటపడుతున్నారాండి?" అని అడిగాడు. పాపం, మంచివాడు. తాతారావుని డ్రైవరు వెనక సీటులోకి మార్చి, దిగేదాకా ఆ పక్కకి ఎవర్నీ రానివ్వలేదు.

ఆయన భార్య సుబ్బాయమ్మ బాధ వేరు. "మా ఇంట్లో మాటా మాటా వస్తే వీధిలోకి నా గొంతొక్కటే వినిపిస్తుందండి అన్నయ్యగారూ! ఆయనన్న మాటలు ఎవరికీ వినపడవు. ఊళ్ళో అందరూ నేనే గయ్యాళిననుకుంటున్నారు" అని నా దగ్గర వాపోయింది. పక్కనే కూర్చున్న తాతారావు ఏదో సంజాయిషీ చెప్పుకున్నాడు. అదీ మాకు వినపడలేదు.

ఇందులో అసలు వింతేమిటంటే, తాతారావు పుట్టుకతో ఇలాంటివాడు కాదు. ఒకప్పుడు మైకు మనిషి. తాడేపల్లిగూడెంలో మాది బట్టల కొట్టు. ఆషాఢం తగ్గింపు ధరలని ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా చాటించింది ఈయనే. "రండి బాబూ రండి! భాస్కరరావు గారి కొట్టుకి రండి!" అని కేక పెడితే నల్లజర్ల రోడ్డు మీద గేదెలు ఆగి తలెత్తి చూసేవి. ఒకరోజు మధ్యలో బ్యాటరీ అయిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలీలేదు, విన్నవాళ్ళకీ తెలీలేదు. పొద్దుగూకేదాకా వట్టి గొంతుతోనే అమ్మకం నడిపించేశాడు.

తర్వాత పెన్ డ్రైవులొచ్చాయి. రికార్డు చేసిన గొంతు ఆటోలో దానంతటదే అరుస్తుంటే మనిషితో పనిలేకుండా పోయింది. "కొట్లో కూర్చోవయ్యా, చీరలు చూపిద్దువుగాని" అన్నాను.

"నాలుగ్గోడల మధ్య నా గొంతు పట్టదండి" అని, భార్యని తీసుకుని కొల్లేటి ఒడ్డున అత్తారి ఊరికి వెళ్ళిపోయాడు.

అక్కడ పక్షుల కేంద్రానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని గైడ్లుగా తీసుకుంటుంటే చేరాడు. ఆ ఊరివాడే దేవరాజు కూడా ఆయనతోపాటే చేరాడు. అతను అంతకుముందు చేపల వేలంపాట పాడేవాడు. అతను పాట మొదలుపెడితే అవతలి గట్టు మీద చెరువులవాళ్ళు కూడా ధర తెలుసుకునేవారట. ఇంత గొంతులున్న ఇద్దరు ఒకే రేవులో చేరారని విని, గూడబాతులు, అవే పెలికాన్ పక్షులు, కొల్లేరు ఖాళీ చేసి పోతాయనే అనుకున్నాను.

ఏడాది తర్వాత చూడబోతే, తాతారావు గుసగుసలోకి దిగిపోయి ఉన్నాడు.

"రూలండి" అన్నాడు నా చెవిలో. "పక్షుల దగ్గర గొంతెత్తకూడదు."

"మనమున్నది టీకొట్టు దగ్గర కదయ్యా!"

"ఆయ్. ఇక్కడ వదిలేస్తే అక్కడ అలవాటు తప్పిపోద్దండి."

ఆ రూలు ఆయన ఎవరిచేతనైనా పాటింపజేస్తాడు. ఓ పెద్ద కుటుంబం పెళ్ళివారి హడావుడితో పడవెక్కింది. మామ్మగారి దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా అందరూ ఒకేసారి మాట్లాడే రకం. గంట తర్వాత ఒడ్డుకి దిగి, కారు దగ్గర నిలబడి, "తాళం నీ దగ్గరుందా?" "లేదు, బావ దగ్గరుంది" అని ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

కిందటి చలికాలంలో అక్కడికి రాజకుమార్ అని కొత్త ఆఫీసరొచ్చాడు. వయసులో చిన్నవాడు, పనంటే శ్రద్ధ ఉన్నవాడు. గైడ్లు చెప్పేది వినపడటం లేదని సందర్శకులు అంటుంటే, మెడలో వేసుకునే మైకులు తెప్పించాడు. తాతారావు పాత ఉద్యోగం సంగతి విని తెగ సంబరపడ్డాడు.

"మొదట మీరే వాడి చూపించాలండీ!"

తాతారావు ఆయన చెవి దగ్గరికి జరిగాడు. "వద్దండి."

"ఏమిటీ?"

"వద్దండి."

"కొంచెం గట్టిగా చెప్పండి!"

"అదేనండి వద్దంటున్నది."

ఆఫీసరుకి చిర్రెత్తుకొచ్చింది. ఆదివారం తనే పడవెక్కి చూస్తానని, మైకు పట్టని గైడు ఇక గైడు కాడని తేల్చి చెప్పేశాడు. సుబ్బాయమ్మ నాకు ఫోను చేసి ఏడ్చింది. నేను ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాను.

"ఏమయ్యా, ఇన్నేళ్ళు అన్నం పెట్టింది మైకే కదా! ఇప్పుడు దాని మీద కోపమేమిటి?"

"కోపం లేదండి. పట్టుకోను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి."

"కారణమన్నా చెప్పు."

"చెప్పనండి."

అంత చిన్న గొంతులో అంత పెద్ద మొండితనం ఎలా పట్టిందో నాకు అర్థం కాలేదు. విసుక్కుంటూ రేవు దగ్గరికి నడిచాను. దేవరాజు పడవలోంచి నీళ్ళు తోడి పోస్తున్నాడు. "ఈ మనిషికి నువ్వైనా చెప్పకూడదటయ్యా?" అన్నాను.

"ఆయన వినరండి" అన్నాడు దేవరాజు. అతనిదీ గుసగుసే.

"నీక్కూడా అంటించాడా ఈ జబ్బు?"

దేవరాజు నవ్వాడు. "జబ్బు నాదేనండి. ఆయనది నాటకం."

అతను చేతిలో బొచ్చె పక్కనపెట్టి దగ్గరికొచ్చాడు.

"చేరిన కొత్తల్లోనే గొంతులో కాయ లేచిందండి. ఆపరేషన్ చేసి తీసేశారు. కాయతోపాటు గొంతూ పోయింది. ఇదిగో, ఇంతే మిగిలింది. వేలంపాట పాడినవాణ్ణి, ఇలా గాలి ఊదుకుంటా నలుగుర్లోకి ఎలా వెళ్తానని ఇంట్లోంచి కదల్లేదు. తాతారావు గారే మా ఇంటికొచ్చి, 'కొత్త రూలొచ్చిందయ్యా, ఇకనించి గైడ్లందరం గుసగుసగానే చెప్పాలంట' అన్నారు. అప్పటికే ఆయనదీ గుసగుసే."

"అలాంటి రూలు లేదా?"

"ఎక్కడుందండి! నాకా వారంలోనే తెలిసిపోయింది. నాకు తెలుసని ఆయనకి తెలీదు. మీరు చెప్పకండేం."

"మరి బస్సుల్లో, పెళ్ళిళ్ళలో ఎందుకయ్యా ఈ అవస్థ?"

"ఎక్కడో ఓ చోట గట్టిగా మాట్లాడితే, ఆ సంగతి నా చెవిన పడి మళ్ళీ ఇంట్లో కూర్చుంటానని భయమండి." దేవరాజు తలదించుకున్నాడు. "మైకులొచ్చిన రోజే, ఆఫీసరు గారు లేనప్పుడు నేనూ ఒకటి పట్టుకు చూశాను. సైకిలు ట్యూబుకి చిల్లుపడ్డట్టు బుస్సుమంది. పడవలో పిల్లలు నవ్వారు. అప్పుడు తాతారావు గారు ఒడ్డునే ఉన్నారు."

అంతలో తాడేపల్లిగూడెం నుంచి బడిపిల్లలతో బస్సు వచ్చింది. వాళ్ళ అరుపులకి రేవు దద్దరిల్లిపోయింది. ఆఫీసరు స్వయంగా తాతారావు మెడలో మైకు తగిలించి, పడవలో వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పక్కన నేను కూర్చున్నాను.

పక్షులు గూళ్ళు కట్టుకోవడానికని నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల దగ్గరికి రాగానే పడవ నిలిచింది. తాతారావు లేచి నిలబడ్డాడు. మైకు ఆన్ చెయ్యలేదు. ఆఫీసరు చేత్తో సైగ చేశాడు. తాతారావు దాన్ని మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, వంగి, ముందు వరసలో పిల్లలకి ఏదో చెప్పాడు. వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమన్నారే? ఏమన్నారు?" అని రెండో వరస. మాట వెనక్కి పాకుతున్నకొద్దీ ఒక్కో వరసా నోరు మూసుకుంది. చివరికి ఆఫీసరే ఉండబట్టలేక ముందున్న పిల్ల భుజం తట్టి, "ఏమన్నారమ్మా?" అని గట్టిగా అడిగాడు.

"ఉష్!" అంది ఆ పిల్ల. తర్వాత జాలిపడి ఆయన చెవిలో చెప్పింది. "గూట్లో పిల్లలు ఆకలేసి అడుగుతున్నాయంటండి. అమ్మ నోట్లోకి తల దూర్చి తింటాయంట. చప్పుడు చెయ్యకపోతే మనకి వినపడతాయంట."

వినపడ్డాయి. ముందు ఒక గూట్లోంచి, తర్వాత అన్ని గూళ్ళలోంచీ, బొంగురుగా, ఆగకుండా. ఒక తల్లి గూడబాతు మా తలల మీదుగా దిగుతుంటే రెక్కల కింద గాలి కూడా వినిపించింది. పిల్ల దాని నోటి సంచీలోకి మెడ దాకా దూరిపోయింది. పడవలో ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఒడ్డుకి దిగాక ఆఫీసరు మైకు చేతిలోకి తీసుకుని దాని తీగ చుట్టేశాడు. "ఇన్నిసార్లు వచ్చాను. ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదండీ" అన్నాడు తాతారావుతో. "మైకులొద్దు. ఇకనించి పడవల్లో అందరిదీ గుసగుసే. బోర్డు కూడా పెట్టిస్తాను."

"ఆయ్. మంచి రూలండి" అన్నాడు తాతారావు, అలాంటి మాట జీవితంలో మొదటిసారి వింటున్నట్టు.

రెండో విడత పిల్లల్ని ఎక్కించుకుని దేవరాజు బయల్దేరాడు. పడవ దూరమయ్యేసరికి పిల్లలందరూ అతనివైపు ఒరిగి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. తాతారావు మెట్టు మీద కూర్చుని అటే చూస్తున్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. "ఆఫీసరు వెళ్ళిపోయాడు. ఇక్కడ పక్షులు కూడా లేవు. నాతోనైనా ఒక్క మాట గట్టిగా అనవయ్యా, పాత గొంతు విని ఎన్నాళ్ళయిందో!"

తాతారావు దేవరాజు పడవకేసి ఓసారి చూసి, నా చెవి దగ్గరికి జరిగాడు.

"నీళ్ళ మీద మాట చాలా దూరం వెళ్తుందండి" అన్నాడు.