అంచుదాకా నీళ్లు

మా మేనమామ చేతిలో ఎప్పుడూ ఒక కంచు కంచం ఉండేది. అన్నం తినడానికి కాదు. దాన్ని నేలమీద పెట్టి, అంచుదాకా నీళ్లు పోసి, ఏ పక్కకు ఒలుకుతాయో చూసి నేల వాలు పసిగట్టేవాడు. శృంగవరపుకోట దగ్గర కొండవాలులో ఆయనకు అరెకరం మెట్టపొలం చెక్క ఉంది. అవతల గెడ్డలో పారే కొండవాగు నీళ్లను వెదురు కాలువలో తెచ్చి, అక్కడ వరి పండించాలని ఆయన పంతం.

అరవై ఎనిమిదిలో, సివిల్ డిప్లొమా చేతికొచ్చిన గర్వంతో, అది జరగదనడానికి ఏడు కారణాలు వరసగా రాసి చూపించాను. మొదటిది: చెక్క గెడ్డ కన్నా ఎత్తు.

"నీ కాయితం అలగంతాది, నా కంచం ఇలగంతాది. ఏటి సేత్తాం అల్లుడా!" అని నవ్వాడు.

"ఆ సెక్కకి నీళ్లెక్కితే సింహాచలం అప్పన్నకి నా తలనీలాలు ఇచ్చెత్తాను" అంది అత్త.

మామ అడుగడుగునా కంచం పెట్టుకుంటూ కొండెక్కి, చెక్క కన్నా ఎత్తున్న గెడ్డ పైమలుపు దగ్గర కాలువ మొదలెట్టాడు. అది మొదటిసారి గాలికి కూలింది. రెండోసారి ఒక గేదె ఊతకర్రకు వీపు గోక్కుంది. చెక్కలో పోసిన నారు అప్పటికే పసుపు తిరిగింది, ఇంకో రెండు రోజులైతే ఎండిపోతుంది. మూడోసారి కట్టాక ఊరంతా వచ్చి నిలబడ్డాం. వెదురు చివర నుంచి ముందు దుమ్ము, తర్వాత ఒక కప్ప, దాని వెనకే నీళ్లు దూకాయి! మామ ఆ ధార కింద తలపెట్టి గంతులేశాడు. కాగితం జేబులోనే తడుస్తున్నా నేనూ గంతులేశాను.

అత్త రెండు చేతులా కొప్పు పట్టుకుని ఇంటివైపు పరుగు తీసింది.

"ఎనిమిదోది రాసుకో అల్లుడా!" అని మామ అరిచాడు. "సింహాచలానికి బస్సు టిక్కెట్లు మూడు. సాక్షికి నువ్వూ రావాల!"