ప్లస్ నాలుగు దగ్గర ఆగిన మాంగనీసు

బీఎస్సీ ఆఖరి ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో నా ఫ్లాస్కు లేత గులాబీ రంగుకు తిరగాల్సింది పోయి, గోధుమరంగు మడ్డి కట్టింది. గుంటూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు దాన్ని చూసి ముఖం చిట్లించారు. ఆయన సున్నా వేస్తే నేను మళ్లీ ఏడాది ఆగాలి.

"యాసిడ్ పొయ్యడం మర్చిపోయావా అమ్మాయ్?"

"పోశానండీ. మీరిచ్చిన సీసాలో యాసిడ్ ఉందో లేదో మీరే చెప్పాలి."

"ఏమిటా మాటలు?"

"ఈ ఊదారంగు పర్మాంగనేటులో మాంగనీసు ప్లస్ ఏడు ఆక్సీకరణ స్థితిలో ఉంటుందండీ. యాసిడ్ సరిపోతే ప్లస్ రెండుకు దిగి రంగు పోతుంది. చాలకపోతే ప్లస్ నాలుగు దగ్గరే ఆగి ఇలా మడ్డి కడుతుంది. ఇంకో సీసాతో చేస్తాను. అప్పుడూ ఇలాగే వస్తే సున్నా వెయ్యండి."

ఆయన గడియారం చూశారు. "పావుగంట ఉంది. కానియ్యి."

కొత్త సీసాలోని యాసిడ్ పోసి, ఫ్లాస్కు వేడిచేసి, పర్మాంగనేటు నింపిన గాజుగొట్టం, బ్యూరెట్, కుళాయి తిప్పాను. పడిన చుక్క పడినట్టే రంగు పోయింది. ఆఖరి చుక్కకు గులాబీ రంగు నిలిచింది.

ఎగ్జామినరు సీసాలు నింపే ల్యాబ్ అటెండరు వైపు తిరిగారు. అతను తల గోక్కున్నాడు.

"ఆడపిల్లల ఓణీలు కాలతాయని, ఆ సీసాలో కాసిని నీళ్లెక్కువ కలిపానండీ."

నాకు మార్కులు పడ్డాయి. అదే సీసా వాడిన మరో ముగ్గురు తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్లకీ టైమివ్వమని నేను మళ్లీ నోరు తెరిచాను.